అరగంట ముందు పుట్టినవాడు

వెండెల్ క్రౌచ్ తన జన్మలో చేసిన మోసం ఒక్కటే. దాన్ని ఎవరూ బయటపెట్టలేదు. గెడ్డాలు గీస్తూ, నవ్వుతూ, ఇరవై ఏళ్ళపాటు ఊరందరికీ తనే చెప్పుకున్నాడు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. అసలు ఆ బుద్ధి పుట్టించింది కూడా నేనే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను మంచివాడనుకోకుండా.

నా పేరు మెర్ల్. ఒహాయో నది ఒడ్డున ఉన్న మా బెల్నాప్‌లో వెండెల్ బార్బర్ షాపులో రెండో కుర్చీ నాది. మొదటిది అతనిది. మనిషి భారీగా ఉండేవాడు, నోరు అంతకన్నా భారీ. చెయ్యి మాత్రం పసిపిల్ల చెయ్యంత తేలిక. ఊదిన బెలూన్‌కి సబ్బు నురగ రాసి, మంగలి కత్తితో నురగంతా గీసేసి, బెలూన్ పగలకుండా పిల్లలకి ఇచ్చేవాడు. నేను నలభై ఏళ్ళు కత్తి పట్టాను, ఆ పని ఒక్కసారీ చేతకాలేదు.

1949 డిసెంబరు 31న మంచు విపరీతంగా పడింది. వంతెన మూసేశారు. ఆసుపత్రి నదికి అవతల. వెండెల్ భార్య ఓపల్‌కి మధ్యాహ్నం నుంచి నొప్పులు. డాక్టర్ ఫిప్స్ నడిచి ఇంటికే వచ్చాడు. నేను వంటింట్లో నీళ్ళు కాస్తున్నాను. పన్నెండు దాటి ఇరవై నిమిషాలకు పిల్లవాడు ఏడ్చాడు. అదే డ్వేన్.

డాక్టరు కాగితం తీసి పుట్టిన వేళ రాయబోతుంటే నా నోరు ఊరుకోలేదు.

"అరగంట ముందు పుట్టుంటే పోయిన ఏడాది పన్నులో వీడి పేరు చూపించి నాలుగు డబ్బులు తగ్గించుకునేవాడివి కదరా వెండెల్! ఆఖరి నిమిషంలో పుట్టినా ఏడాదంతా ఇంట్లో ఉన్నట్టే లెక్కంట. వీడు నీ పోలికే, అన్నిటికీ ఆలస్యం."

వెండెల్ డాక్టరుకేసి చూశాడు. "ఎవడు చూశాడండీ?"

ఫిప్స్ చేతిలో అప్పటికి రెండో గ్లాసు విస్కీ. "నా గడియారం ఎలాగూ సరిగ్గా నడిచి చావదయ్యా," అని పదకొండూ యాభై అని రాసేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఓపల్‌కి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన బైబిలు ఉంది. ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా దాని మొదటి పేజీల్లో రాసుకోవడం మా వైపు ఇళ్ళలో ఆనవాయితీ. తెల్లారి మంచంమీదే కూర్చుని జనవరి ఒకటి అని తన చేత్తో రాసుకుంది. రెండు నెలలకి పన్నువాళ్ళు ఊళ్ళో తిరుగుతున్నారని ఎవడో పుకారు లేపాడు. వెండెల్‌కి గుండె జారింది. కత్తి తీసి ఆ తేదీని గీకేసి, పైన డిసెంబరు 31 అని రాశాడు.

"దేవుడి పుస్తకంలో అబద్ధం రాస్తావా?" అని ఓపల్ ఏడ్చింది.

"దేవుడికి తెలుసులేవే. పన్నువాళ్ళకి తెలియకపోతే చాలు."

మర్నాడు ఆ పుస్తకాన్ని షాపుకి తెచ్చి, కిటికీ వెలుగులో నాకు చూపించాడు. "చూడరా, గీకినట్టు ఆ కాగితానికే తెలీదు!" అన్నాడు. నిజంగానే ఏ మచ్చా లేదు. నేను చప్పట్లు కొట్టాను.

అలా డ్వేన్‌కి రెండు పుట్టినరోజులు. బడిలో ముప్పయ్యొకటి. ఇంట్లో ఒకటో తేదీ, కొత్త సంవత్సరానికి మేమంతా తినే పంది మాంసం, పులిసిన క్యాబేజీతోపాటు ఒక కేకు. ఏటా నేనూ వెళ్ళేవాణ్ణి. ఏటా వెండెల్ ఆ కథ చెప్పేవాడు, మేం మొదటిసారి విన్నట్టే నవ్వేవాళ్ళం.

అరవైల నాటి గొడవంతా మా షాపులోకి ముందు రేడియోలోంచి, తర్వాత టీవీలోంచి వచ్చింది. అధ్యక్షుణ్ణి కాల్చేశారని రేడియో చెప్పినప్పుడు ఇనప సామాన్ల కొట్టు క్లెమ్ టటిల్ నా కుర్చీలో ఉన్నాడు, మొహం నిండా నురగతో. ఆ నురగ ఎండిపోయేదాకా ఎవరం కదల్లేదు. మూడు నెలలు తిరక్కుండా, నుదుటిమీదికి జుట్టు దించుకున్న నలుగురు ఇంగ్లండు కుర్రాళ్ళు ఒక ఆదివారం టీవీలో పాడారు. ఆడపిల్లలు కేకలు. "వాళ్ళ ఊళ్ళో బార్బర్లు సమ్మెలో ఉన్నారా ఏంటి?" అని వెండెల్ పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. ఊళ్ళో కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే మా మెట్లు ఎక్కడం మానేశారు. అందరికన్నా ముందు మానేసింది డ్వేన్. చదువు మీద మనసు లేదు, కాలేజీకి పోలేదు. గాజు ఫ్యాక్టరీలో సీసాలు పెట్టెల్లో సర్దేవాడు, మిగతా వేళంతా గిటారు. జుట్టు భుజాలు దాటింది. వెండెల్ తలుపుకి ఒక అట్ట తగిలించాడు: 'పొడుగు జుట్టు వాళ్ళకి లోపలికి ప్రవేశం లేదు. మా అబ్బాయితో సహా.'

"ఊరంతా నన్ను చూసి నవ్వుతోందిరా, బార్బరు కొడుకు జడేసుకునేలా ఉన్నాడని," అన్నాడొకసారి వాడితో.

"వేసుకుంటే నువ్వే దువ్వుదువుగాని నాన్నా."

వెండెల్ మూడు వారాలు వాడితో మాట్లాడలేదు. పంతంలో ఇద్దరూ ఇద్దరే.

చంద్రుడిమీద మనిషి దిగిన ఆదివారం షాపుకి సెలవే అయినా తెరిచాం, టీవీ ఉందని. డ్వేన్ ఆ అట్ట కిందనుంచే లోపలికొచ్చి ఖాళీగా ఉన్న మూడో కుర్చీలో కూర్చున్నాడు. వెండెల్ లేచి, వాడి కుర్చీని టీవీ వైపు తిప్పాడు. తర్వాత చాలాసేపు వాడి వెనకే నిలబడ్డాడు, కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని. ఇంక సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఆ ఏడాదే డిసెంబరు మొదటి తేదీన వాషింగ్టన్‌లో ఏడాదిలోని తేదీలన్నీ ఒక గాజు జాడీలో వేసి ఒక్కొక్కటే తీశారు. ఏ తేదీ ముందు వస్తే ఆ రోజు పుట్టిన కుర్రాళ్ళు ముందు సైన్యంలోకి, అంటే వియత్నాంకి. మర్నాడు పొద్దున పేపర్లో వరసంతా అచ్చయింది. మొదటి నూటముప్పై లోపు వాళ్ళకి తప్పదనీ, మూడొందల దగ్గరవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చనీ రాశారు. వెండెల్ వేలు పెట్టి వెతికాడు.

డిసెంబరు 31కి వచ్చింది నూరు. జనవరి 1కి మూడువందల అయిదు.

పేపరు మడిచి పక్కన పెట్టి, అప్పటికే పదునుగా ఉన్న కత్తిని తోలు పట్టీమీద నూరుతూ కూర్చున్నాడు.

"మెర్ల్, ఆ రాత్రి టైమెంతరా?"

"పన్నెండూ ఇరవై."

"కదా! పన్నెండూ ఇరవై. ఊరందరికీ తెలుసు కదా."

సైన్యానికి మా ఊరి కుర్రాళ్ళని ఎంచే బోర్డుకి పెద్ద క్లెమ్ టటిలే. వెండెల్, ఓపల్, నేను వెళ్ళాం. ఓపల్ ఒళ్ళో సంచి. వెండెల్ తప్పు ఒప్పుకున్నాడు, కావాలంటే జైల్లో పెట్టమన్నాడు.

"నీ నోటివెంట ఆ కథ యాభైసార్లు విన్నాను వెండెల్. నవ్వాను కూడా," అన్నాడు టటిల్. "కానీ నోటిమాట చెల్లదు. లాటరీకి ముందు రాసిన కాగితం ఉండాలి. ఫిప్స్ గారి చీటీ ఏదైనా ఉందా?"

"ఆయన పోయి ఎనిమిదేళ్ళు."

"పోనీ మీ ఇంటి బైబిలు? అందులో సరైన తేదీ ఉంటే చాలు, మేం ఒప్పుకుంటాం."

ఓపల్ సంచిలోంచి పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. "నేను మొదట రాసింది ఇది కాదు బాబూ. దీని కింద ఉంది నేను రాసింది."

టటిల్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పేజీని కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు, వేలితో తడిమాడు. "ఇక్కడ దిద్దినట్టే లేదమ్మా."

"నేనే గీకాను! నా కత్తితో గీకాను!" అన్నాడు వెండెల్.

"ఆనవాలన్నా ఉంటే బోర్డులో మిగతావాళ్ళతో మాట్లాడేవాణ్ణి. శుభ్రంగా ఉంది. ఇప్పుడు మీవాణ్ణి తీసేస్తే వాడి బదులు ఇంకొకళ్ళ కొడుకుని పంపాలి. ఆ తండ్రికి ఏం చెప్పను? బార్బరు ఒట్టేశాడనా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళూ ఆ బార్బరు కత్తి కింద నీ పీక పెట్టావు కదయ్యా! అప్పుడు లేని అనుమానం ఇప్పుడొచ్చిందా?"

టటిల్ తల దించుకున్నాడు కానీ మాట మార్చలేదు. ఆ తర్వాత అతను గెడ్డం ఇంట్లోనే గీసుకున్నాడు.

ఏప్రిల్‌లో పిలుపొచ్చింది. వెళ్ళే ముందు రోజు డ్వేన్ షాపుకొచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎలాగూ వాళ్ళు తీసేస్తారు నాన్నా. నువ్వే తీసెయ్."

"వద్దురా. ఉండనీ. బాగుంది నీకు."

"అయిదేళ్ళు తియ్యరా తియ్యరా అని చంపావు. తీరా కూర్చుంటే వద్దంటావేంటి? కానీ. మెర్ల్ బాబాయ్, కాస్త ఆ గుడ్డ అందుకో."

గుడ్డ నేనే కప్పాను. వెండెల్ మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళలో మొట్టమొదటిసారి అతని చెయ్యి వణకడం చూశాను. చెవి వెనక చిన్న గాటు పడింది. "ఏం కాలేదు నాన్నా, ఏం కాలేదు," అంటూనే ఉన్నాడు వాడు. నేల నిండా వాడి జుట్టు. ఆ సాయంత్రం దాన్ని ఊడవడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సైన్యపు దుస్తుల్లో ఇద్దరు మా తలుపు తోసుకొచ్చారు. క్రౌచ్ గారి ఇల్లు ఎక్కడో చెప్పమన్నారు. అడిగింది వెండెల్‌నే. కుర్చీలో ఉన్నవాడి గెడ్డం సగం గీశాడప్పటికి. వాళ్ళవంక చూసి, "ఇది పూర్తి చేసి వస్తాను, కూర్చోండి," అన్నాడు. పూర్తి చేశాడు కూడా. మొహం తుడిచాడు. కత్తి కడిగి పెట్టాడు. అప్పుడు కూలబడ్డాడు.

సమాధి మీద వేసే రాయి ప్రభుత్వమే పంపిస్తుంది. దానికో కాగితం నింపాలి. పుట్టిన తేదీ దగ్గర వెండెల్ జనవరి 1, 1950 అని రాశాడు. రికార్డుతో సరిపోలేదని తిప్పి పంపారు. మళ్ళీ అదే రాశాడు. మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారికి ఓపల్ అతని పక్కన కూర్చుంది.

"పెట్టెయ్ సంతకం. రాయి లేకుండా ఎన్నాళ్ళుంటాడు వాడు?"

డిసెంబరు 31, 1949 అని రాసి సంతకం పెట్టాడు. ఆ అబద్ధం అతని చేత్తో రాయడం అది రెండోసారి. ఆ మీదట షాపులో ఒక్క కథ చెప్పలేదు. కొడుకుని నువ్వే చంపావని ఊళ్ళో ఒక్కరూ అతన్ని అనలేదు. అంటే బాగుండునని అతను కాచుకుని ఉండేవాడనిపించేది నాకు.

1972 జనవరి ఒకటిన అలవాటుగా వాళ్ళింటికి వెళ్ళాను. ఓపల్ పంది మాంసం, క్యాబేజీ వండింది. కేకు లేదు. "ఆయన పొద్దుననగా వెళ్ళాడు అన్నయ్యా, ఇంకా రాలేదు. కాస్త చూసిరావూ," అంది.

ఎక్కడికని అడగక్కర్లేదు. శ్మశానంలో మంచు తోసేసి, గ్రానైట్ పలక ముందు మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కత్తి, ఆ పాత కత్తే. డిసెంబరు అన్న మాట మీద గీకుతున్నాడు. కత్తి అంచంతా విరిగి రంపంలా అయింది. వేళ్ళు తెగి రాయిమీద నెత్తురు. అక్షరాలు అలాగే ఉన్నాయి.

"రావట్లేదురా," అన్నాడు. "నా చెయ్యి వణుకుతోంది. నీ చెయ్యి ఇంకా గట్టిది కదా. నువ్వొకసారి చూడు."

లేవదీసి ఇంటికి తీసుకుపోవాల్సింది. కానీ ఆ అరగంట నా నోట్లోంచి వచ్చిందే కదా. కత్తి తీసుకుని పక్కన కూర్చుని నేనూ గీకాను.