ఆయమ్మ సున్నం పూసిన గోడ

బడిలో పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ ఆవిడ ఆయమ్మే. మంచు పడితే నాలుగు నెలలు దారి మూసుకుపోయే ఆ ఉత్తరపు ఊళ్లో ఇరవై ఆరేళ్లుగా బడి ఊడ్చేది, గదుల్లో పొయ్యి రాజేసేది, పిల్లల ముక్కులు తుడిచేది ఆవిడే. వయసులో బడి ఆవిడకంటే పదేళ్లు పెద్దది. అయినా ఎవరైనా పాతబడి అంటే ఆయమ్మకి ఒళ్లు మండేది.

రెండో తరగతి గోడ మొదటిసారి బీటలిచ్చినప్పుడు, పిల్లలు జడుసుకుంటారని తనే సున్నంలో ఇసుక కలిపి పూడ్చేసింది. మరుసటేడు బీట మళ్లీ నోరు తెరిచింది. మళ్లీ పూడ్చింది. అలా ఏడేళ్లు. మన ఇల్లు మనం బాగుచేసుకుంటే ఊరంతా చాటింపు వేస్తామా అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు మాత్రం పూడుస్తుంటే చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. ఇటుక పిండిలా రాలింది. అయినా ఎప్పటిలాగే పైన సున్నం పూసేసింది. ఆ గోడ పక్క బల్లమీదే ఆవిడ మనవరాలు కూర్చుంటుంది. అప్పట్నుంచి ఆయమ్మకి ముద్ద దిగడం లేదు.

కొత్త బడి కట్టాలో వద్దో తేల్చడానికి ఇంజినీరు వస్తున్నాడంటే కాస్త ఊపిరి పీల్చుకుంది. అంత చదువుకున్నవాడు చూడగానే కనిపెట్టడూ? ఆయన రెండో తరగతిలోకొచ్చి ఆ తెల్లటి గోడని ఎగాదిగా చూశాడు.

“గోడలు భేషుగ్గా ఉన్నాయి మాస్టారూ. ఇంకో అయిదేళ్లు ఢోకా లేదని రాసేస్తాను.”

“అంతా మా ఆయమ్మ చలవేనండీ,” అన్నారు హెడ్మాస్టరు.

ఆయమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే... ఆ మాట మనసులో కూడా పూర్తి చెయ్యలేకపోయింది. కిటికీ అవతల మబ్బు కమ్ముతోంది. ఈయన జీపెక్కాడంటే మంచు కరిగేదాకా మళ్లీ రాడు.

“పిల్లలూ, బయటికి నడవండి! పుస్తకాలు వదిలెయ్యండి, నడవండి!” అని ఆయమ్మ కేకేసింది.

ఆఖరి పిల్ల గడప దాటగానే పొయ్యి దగ్గరి ఇనప ఊచ తీసుకుని గోడమీద ఒక్కటి వేసింది. సున్నం పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది. బీటలోంచి చలిగాలి రివ్వున కొట్టింది.

ఇంజినీరు మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎవరు పూడ్చారిది?”

“నేనే బాబూ. ఏడేళ్లుగా.”

అంటూంటేనే గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఇంకో ఇంజినీరు వచ్చి, ఇదే గోడని మెచ్చుకుని, కొత్త బడి అక్కర్లేదని రాసి వెళ్లాడు. ఆ రోజు తను ఎంత పొంగిపోయిందో!  ఆయమ్మ గోడ పట్టుకోబోయి, భయమేసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నాయనమ్మా, చలేస్తోంది. లోపలికి రావచ్చా?” అని గుమ్మం దగ్గర్నుంచి మనవరాలు అడిగింది.

ఇరవై ఆరేళ్లుగా పిల్లల్ని రండి రండి అని లోపలికి పిలిచిన మనిషి, “ఇంక రావద్దమ్మా,” అంది.