సరిచూడని కనెక్షన్

మా బాపు ఇచ్ఛాపూర్‌లో ఒక డైయింగ్ మిల్లులో జెట్ మిషన్ నడుపుతాడు. అందులో పాలిస్టర్ గుడ్డ నూట ముప్పై డిగ్రీల నీళ్లలో రంగు పీల్చుకుంటుంది. వేడి ఎనభై కిందికి దిగాకే మూత తీయాలి, లేకపోతే మరిగే నీళ్లు మీదికి ఎగజిమ్ముతాయి. ఉధ్నాలోని మా ఆఫీసు నుంచి నేను రాసిన ప్రోగ్రాం, మిషన్ పక్కనున్న చిన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయి, ఆ వేడిని చదివి మిల్లు స్క్రీన్ మీద చూపిస్తుంది.

లాగిన్‌కు వాడే లైబ్రరీలో, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌లో, కొన్ని ఆప్షన్లు ఉంటాయి: ఏ అడ్రసు, ఏ పాస్‌వర్డ్, ఎన్ని సెకన్లు ఆగాలి. ఇంకొకటి, అవతల జవాబిస్తున్నది మన కంప్యూటరేనా అని సరిచూడటం. వానాకాలంలో మిషన్ పక్కనున్న పాత కంప్యూటర్ కాలిపోయి కొత్తది పెట్టారు. ఒక్కో కంప్యూటర్‌కూ విడిగా ఉండే గుర్తింపు కోడ్ మారడంతో కనెక్షన్ ఆగిపోయింది. కొత్త గుర్తింపును మిల్లు ఫిట్టర్ మెయిల్ చేశాడు. దాన్ని ప్రోగ్రాంలో ఎక్కించే ఓపిక లేక, సరిచూడొద్దని పెట్టేశాను. రేపు మారుద్దామనుకున్నాను. నెల గడిచింది.

ఒక మధ్యాహ్నం బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, మీ స్క్రీన్ల డెబ్బై అయిదు అంటుంది. నేనేమో మూత కాడ సెగకు నిలవడలేకపోతున్న. గిదేంది?"

వెనక నుంచి సూపర్‌వైజర్ అరుస్తున్నాడు: "ఖోల్ దో భాయ్, డయల్ పురానా హై!" మిషన్ మీది డయల్ పాతదట, మూత తెరిచెయ్యమంటున్నాడు.

"డయల్ ఎంత చూపిస్తుంది బాపు?"

"నూట ఇరవై."

"ముట్టకు. ఎవ్వర్నీ ముట్టనీయకు."

ఫోన్ పెట్టకుండానే మెయిల్ వెతికి, ఫిట్టర్ పంపిన గుర్తింపును ఎక్కించి, సరిచూడమని మార్చాను. ప్రోగ్రాం వెంటనే కనెక్షన్‌ను తిరస్కరించింది. ఆ అడ్రసులో జవాబిస్తున్నది మిల్లు కంప్యూటర్ కాదు. పాత రికార్డులు తీశాను. ఆరు రోజులుగా, రోజూ అదే వరుసలో అవే అంకెలు, పాయింట్ తర్వాతి అంకెతో సహా.

"గిట్లెట్లయితది?" అన్నాడు బాపు. నా తప్పేమిటో చెప్పాను. బాపు మెల్లగా, "మూత పిడి మీద చెయ్యేసిన బిడ్డా. తీసేటోణ్ణే," అన్నాడు.

మిషన్ చల్లారడానికి గంటకు పైగా పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. మిషన్ పక్కనున్న మా కంప్యూటర్ వైరు ఎవరో ఊడదీశారని సాయంత్రానికి తెలిసింది. దాని అడ్రసుతో జవాబిచ్చిన కంప్యూటర్ మాత్రం అప్పటికే మాయమైంది. అది ఎవరిదో ఇవాళ్టికీ తెలియదు.

ఆ ఆరు రోజులూ మా ప్రోగ్రాం ప్రతి నిమిషం ఆ దొంగ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ చెబుతూనే ఉంది. ఇంకో రెండు మిల్లుల్లోనూ అదే పాస్‌వర్డ్. మా మేనేజర్‌కు అంతా చెప్పి, అప్పుడే ఆటోలో బయల్దేరాను. మొదటి చోట ఏమీ లేదు. రెండో చోట, ముందు రోజు ఎవరో ఆ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి నలభై నిమిషాలు ఉన్నట్టు రికార్డయింది. ఏదీ మార్చలేదు. మిషన్ల మూతలు ఎప్పుడెప్పుడు తెరుస్తారో రాసి ఉన్న ఫైలు ఒక్కటే తెరిచి చూశారు.