నాయన గుండె చేస్తున్న పని

మా నాయనకు లివరు సిరోసిస్. సూలూరులో మరమగ్గాల పని మానేసి ఏడాదిగా మంచం మీదే ఉంటున్నారు. పోయిన వేసవిలో ఆయన ముఖం పాలిపోయింది. పరీక్ష చేసి, ఒంట్లో రక్తం బాగా తగ్గిందన్నారు. చేతులు చల్లబడి ఉంటాయేమోనని భయపడుతూ పట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. మెడ దగ్గర నాడి మాత్రం చొక్కా కాలరు కదిలేంత గట్టిగా కొట్టుకుంటోంది.

కోయంబత్తూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగు తెరను మా వైపు తిప్పారు. ఆమె ఇంట్లోనూ మాట్లాడేది మా తెలుగే.

"ఈ జబ్బుతో రక్తనాళాలు ముందే వదులైపోయినాయి. ఇప్పుడు రక్తమూ పలచనైంది. అందుకే ఉండే రక్తాన్నే గుండె బిరబిరా ఒళ్ళంతా తిప్పుతా ఉండాది. ఇట్లే విడిస్తే అది అలసిపోతాది" అన్నారు.

తెర మీద గుండె ఆగకుండా ముడుచుకుంటూ, తెరుచుకుంటూ ఉంది. నాయన రెప్ప వేయకుండా చూశారు.

"నేను ఏ పనీ లేకుండా సుమ్మా పండుకోనుండానని అనుకొంటి పాపా. లోపల ఇంత పని జరుగుతా ఉండాదా?" అన్నారు నాతో మెల్లగా.

రక్తం నిదానంగా ఎక్కించారు. సాయంత్రానికి ఆ దడ తగ్గింది. జబ్బు పోలేదు. అయినా నాయన నిద్రపోతున్నప్పుడు ఆయన ఛాతీ మీద చేయి పెడితే, నాకిప్పటికీ తీయబుద్ధి కాదు.