బాలయేసుకి దిష్టి చుక్క

శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి పరాయిదేశంలో పనికొచ్చి మేముండే అస్కర్ క్యాంపు దగ్గర నేనూ ప్రభుదాసూ బస్సెక్కాం. సాయంత్రం విమానానికి వాడు ఇంటికి పోతున్నాడు, పుట్టాక ఒక్కసారీ చూడని కొడుకు దగ్గరికి. అందరూ పిల్లలకి బొమ్మ కార్లు పట్టుకెళ్తారు. మావాడు మాత్రం మనామాలో ఫ్రేముల కొట్లో కొన్న మరియమ్మ, బాలయేసు పటాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఎప్పుడో ఇటలీలో వేసిన బొమ్మకి నకలట. గతుకొస్తే బస్సుకంటే ముందు వాడే ఎగురుతున్నాడు.

"తల్లి మొహం అచ్చం మా సుగుణలా లేదట్రా?" అన్నాడు, పెళ్లాన్ని తలుచుకుని.

"మీ సుగుణ ఇంత నెమ్మదిగా ఎప్పుడుందిరా?"

పక్కసీటు మలయాళీ భాయ్‌కి తెలుగు రాదు గానీ సరిగ్గా అక్కడే నవ్వాడు.

మనామాలో టీ, సమోసా. అక్కణ్నుంచి టాక్సీలో జుఫైర్. ఓ ఫ్లాట్‌లో పదింటికి మా తెలుగు క్రైస్తవుల సహవాసం. అక్కడ చెప్పులు విడిచే చోటు దొరకడమే ఒక యాత్ర. ప్రార్థన అయ్యాక ప్రభుదాసు పటాన్ని సంఘపెద్ద విజయానందం గారికి చూపించాడు. ఆయనది ఆఫీసు ఉద్యోగం, ఇంటినిండా బొమ్మల పుస్తకాలు. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టిన నాలాంటివాడు దొరికితే ఆయనకి పండగే.

"బాబు చేతిలో పిట్ట చూశారా బ్రదర్? దాని మొహమ్మీది ఎరుపు, ముళ్ల కిరీటం నుంచి చిందిన రక్తం. రాబోయే శ్రమకి గుర్తు."

"మరి రెండో చేతిలో దానిమ్మపండండీ?" అన్నాను.

"అదీ రక్తమే. పునరుత్థానం కూడా."

"తల్లెందుకండీ అలా దిగులుగా ఉంది?"

"కొడుకు చనిపోతాడని ఆమెకి ముందే తెలుసు."

ఉయ్యాల పక్కన పెట్టుకోడానికి మావాడు ఎంత శుభమైన పటం ఎంచాడో. వాడి మొహం వాడిపోయింది. "ఇది ఇక్కడే ఉంచేస్తానండి," అన్నాడు.

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగాడు. "బుగ్గ మీద ఈ నల్లచుక్క ఏ పుస్తకంలోనూ చూళ్లేదే?"

దిష్టిని నమ్మకూడదని కిందటి వారమే ఆయన గంటసేపు బోధించాడు.

"నేనే పెట్టానండి, పెన్నుతో," అన్నాడు ప్రభుదాసు. "క్యాంపులో అందరూ ముద్దొస్తున్నాడు, ముద్దొస్తున్నాడు అంటుంటే మా పిల్లాణ్ణే అన్నట్టుండేది."

పెద్దాయన పటంలో బాబు మెడ మీద వేలు పెట్టాడు. "మెడలో ఎర్రపూసలున్నాయి చూడు, పగడాలు. ఇటలీలో తల్లులు అప్పట్లో పిల్లలకి కట్టేవారట, దిష్టి తగలకుండా. ఇందాక అది చెప్పకుండా దాటేశాను." పటాన్ని వాడి చేతుల్లో పెట్టాడు. "తీసుకెళ్లవయ్యా. చుక్క చెరపకు."

సాయంత్రం ముహర్రక్ విమానాశ్రయంలో పెట్టెలన్నీ లోపలికి పోయాయి. పటం మాత్రం వాడి చంకలోనే వెళ్లింది.

తిరుగు బస్సులో పక్కసీటు ఖాళీ. ఎంత సుఖమో. ఆలోచించడానికి కూడా తీరిక దొరికింది. ఆ పటంలో పిట్టా, పండూ ఎప్పుడో పిల్లవాడు పెద్దయ్యాక జరగబోయేవాటికి గుర్తులు. పూసలూ, చుక్కా మాత్రం ఆ పూటకి పిల్లాడికి కాపలా.