ఒడిలో పడని బియ్యం

కొన్నేండ్ల కింద మెట్‌పల్లిల మా అన్న బిడ్డ పెండ్లయినంక పుట్టింటోళ్లం ఒడిబియ్యం పోస్తున్నం. మేనత్తను గనుక మొదటి దోసిలి నాది. బియ్యం తీసుకొని తలెత్తేసరికి పిల్ల ఇద్దరయి కనవడ్డది. ఏ ఒడి నిజమో తెలువక పోసిన. బియ్యమంతా చాప మీద పడ్డది. తల తిరిగి తూలిన.

మా వదిన ఉరికొచ్చి, చుట్టాలందరు చూస్తుండంగ, నా గదువ పట్టి నోరు తెరిపించి వాసన చూసింది.

"కల్లు తాగొచ్చినవా? గీ పాడుపని మా ఇంట్లనేనా? అవుతలికి నడువు!"

తెల్లారి కరీంనగర్ పోతె డాక్టర్ స్కానింగ్ చూసిండు. మెదడు అడుగున, కండ్లను కదిలించే చోట చిన్న స్ట్రోక్ వచ్చిందట. రెండు కండ్లు కలిసి తిరగక ఒక్కరు ఇద్దరయి కనవడ్డరట. మందులు మింగుకుంట, ఒక కంటికి పట్టీ కట్టుకొని నెలలకు కోలుకున్న. వదిన పలకరించనీకె సుత రాలే.

నిరుడు అన్న నాకు ఒడిబియ్యం పెట్టిండు. గదే ఇల్లు, గవే చుట్టాలు. వదిన దోసిలి నింపుకొని నా ముందుకొచ్చింది. నేను కొంగు ముడుచుకున్న.

"జర ఆగు వదినా. ముందు నోరు తెరువు, వాసన చూస్త."

అన్న తల దించుకున్నడు. బియ్యం దోసిట్ల పట్టుకొనే వదిన నోరు తెరిచింది. తీరిగ్గ వాసన చూసినంకనే ఒడి పట్టిన.

మనసు పెద్దది చేసుకోవాల్సిందని కొందరంటరు. నాకైతే ఆనాడు కడుపు సల్లవడ్డది. మీ పత్రికల ఇది అచ్చేసేటప్పుడు నా పేరు వేయకున్నా ఫికర్ లేదు. మా వదిన ప్రతి వారం ఈ పేజీ చదువుతది.