బొట్టు పెట్టిన క్యాబినెట్

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు లేవకముందు నేను చైతన్యపురిలో ఒక కంప్యూటర్ల దుకాణంలో సీనియర్ సర్వీస్ ఇంజనీరుని. ఓ ఏడాది దసరా వెళ్లిన పది రోజులకు కర్మన్‌ఘాట్ భజన మండలి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆదివారాలు నేనూ అక్కడే పారాయణకు కూర్చునేవాణ్ణి.

మండలి పంతులుగారికి గొంతు ఆపరేషన్ అయింది. మాట తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు. ఆయన ప్రవచనాలన్నీ మండలి కంప్యూటర్లో ఉన్నాయి, హార్డ్‌డిస్క్ నిండిపోయింది. వాటిని సీడీల్లోకి ఎక్కించి అక్కడ చెరిపేద్దామని కార్యదర్శి లక్ష్మమ్మ మా దుకాణంలో సీడీ రైటర్ కొన్నది.

ఇంటర్నల్ రైటర్‌ని క్యాబినెట్, అంటే కంప్యూటర్ డబ్బా, లోపల బిగించి, వెడల్పాటి కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలుపుతాం. ఎక్స్‌టర్నల్‌ది బయటనుంచే యూఎస్‌బీ పోర్టుకు తగిలిస్తే చాలు. పోర్టు కొత్త తరానిదైతే అదీ భేషుగ్గా పనిచేస్తుంది. లక్ష్మమ్మ కొన్నది ఎక్స్‌టర్నల్‌ది, మండలి కంప్యూటరేమో పాతది. దాని పోర్టు రైటర్ అడిగిన వేగంతో డేటా అందించలేదు. మధ్యలో అందకపోతే సీడీ చెడిపోతుంది.

నేను వెళ్లేసరికి బల్లమీద సీడీల దొంతర. తెరమీద ప్రవచనాల పేర్లన్నీ కనిపిస్తున్నాయి, వినబోతే సగంలో గొంతు ఆగిపోతోంది. పేర్లు చూసి అంతా ఎక్కిందనుకుని, పంతులుగారి చివరి రెండు రోజుల ప్రవచనం కంప్యూటర్లో అప్పటికే చెరిపేసి, ఆ చోట కొత్త భజనలు రికార్డు చేశారు.

లోపల బిగించేది ఎందుకు తీసుకోలేదని లక్ష్మమ్మను అడిగాను.

"మీ మేనేజరు సారే వద్దన్నడు గద. దసరాకు బొట్టు పెట్టి పూజ చేసిన డబ్బా, విప్పితే అరిష్టమన్నడు. దేవుని పేరు తీసినంక నేనేమంట సారూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. మేనేజరు భక్తంతా గోదాములో అమ్ముడుపోకుండా పడివున్న ఎక్స్‌టర్నల్ పెట్టెల మీద! భగవంతుడి పేరు చెప్పి సరుకు అమ్మడం దొంగతనం కంటే హీనమని నేను ఈ రోజుకీ నమ్ముతాను.

సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. పిడికి కుంకుమ ఇంకా అంటుకునే ఉంది. దసరాకు దీనికీ పూజ చేశామని చెప్పాను.

లక్ష్మమ్మ రెండు బొట్లనూ మార్చి మార్చి చూసింది. "అయితే రెండూ సుట్టాలే. విప్పు సారూ."

ఇంటర్నల్ రైటర్ బిగించి, వేగం తగ్గించి, ఒక్కో సీడీ ఎక్కించాక అసలుతో సరిపోల్చాను. మిగిలినవన్నీ దక్కాయి. ఆ రెండు రోజులు మాత్రం దక్కలేదు.

మర్నాడు అందరి ముందూ మేనేజరును నిలదీశాను, బొట్టు పెట్టిన డబ్బా విప్పకూడదని ఏ శాస్త్రంలో ఉందని. ఆయన నవ్వాడు. "అమ్మకం మాటండీ బాబూ, మీరు మరీనూ! అయినా ఆ కంప్యూటరుకి సరిపోతుందని డెలివరీ కాగితం మీద సంతకం పెట్టింది తమరే కదండీ?"

నిజమే. పోర్టు చూడకుండానే పెట్టాను. ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు, కానీ సంతకం నాది.

తర్వాత రిటైరయ్యేదాకా యంత్రాన్ని కళ్లారా చూడకుండా ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. సీడీ చివరిదాకా వినకుండా అసలును చెరపనివ్వలేదు.