ఆఖరి కచేరీలో అరిచిన గొంతు

వియన్నా కచేరీ హాలులో చవక టిక్కెట్టుతో నిలబడి వినేవాళ్లలో లియోపోల్డీన్‌ను ఎరగనివాళ్లు లేరు. తలుపులు తీయగానే ఆయాసపడుతూ మెట్లెక్కి, ముందు కమ్మీకి తన పచ్చ స్కార్ఫు కట్టి చోటు పట్టేస్తుంది. వింటున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉంటుంది. మగవాడిలాంటి బొంగురు గొంతు ఆమెది. కచేరీ అయ్యాక తోటి అభిమానులతో ఎదుటి కాఫీ హోటల్లో చేరి, చనిపోయిన ఆర్కెస్ట్రా నిర్దేశకుడు హ్రాడిల్ గొప్పదనం తలుచుకోవడం అలవాటు.

ఆ సాయంత్రం మాట హ్రాడిల్ ఆఖరి కచేరీ మీదికి మళ్లింది. ముసలాయన చెయ్యి వణికి వాద్యాలు దారి తప్పితే, జనంలోంచి ఎవరో "ఇక చాలు, దిగిపో!" అని అరిచారు. ఆయన మళ్లీ వేదిక ఎక్కలేదు. "అరిచిన మహానుభావుడు అదుగో, కేకు తింటున్నాడు," అన్నాడు వాళ్లలో ఒకడైన ఫెర్డినాండ్, మూల బల్ల దగ్గర ఒంటరిగా ఉన్న వెసెలీని చూపిస్తూ. ఆ రోజు లియోపోల్డీన్ పక్కన నిలబడిన పాపానికి వెసెలీ ఏళ్లుగా ఈ మాట పడుతున్నాడు.

లియోపోల్డీన్ కప్పు కింద పెట్టింది. "ఆయన కాదు. అరిచింది నేను," అంది.

అందరూ గొల్లున నవ్వారు. "హ్రాడిల్ పేరెత్తితే కళ్లనీళ్లు పెట్టుకుంటారు, మీరా! జాలిపడి వెసెలీ నేరం నెత్తిన వేసుకోకండి," అన్నాడు ఫెర్డినాండ్.

"ఒట్టు, నేనే! హ్రాడిల్‌ను అలా చూడలేక అరిచాను," అంటున్నా ఎవరూ వినిపించుకోలేదు.

వెసెలీ లేచి వచ్చి ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇన్నేళ్లలో నా తరఫున మాట్లాడింది మీరొక్కరేనండీ," అన్నాడు. ఆ చేతిని వెనక్కి తీసుకునే ధైర్యం కూడా ఆమెకు లేకపోయింది.